మస్తానమ్మ పొయ్యి – మన్యం కుండ

వంటింటిని చిన్నచూపు చూడటం మనకు అలవాటు. బల్ల దగ్గర కూర్చున్నవారికి పేరు, పొయ్యి దగ్గర నిలబడినవారికి పొగ. సంఘంలోనూ అంతే. మూడు రోజుల ఉజ్జీవ కూటములు జరిగితే కరపత్రం మీద ప్రసంగీకుల పేర్లు ఫోటోలతో, డిగ్రీలతో సహా అచ్చవుతాయి. ఆ మూడు రోజులూ కోడి కూయకముందే లేచి వందలమందికి వండి వార్చిన తల్లుల పేర్లు మాత్రం ఎక్కడా కనబడవు. కూటములు ముగిశాక కృతజ్ఞతలు చెప్పేటప్పుడు కూడా మైకు సెట్టు వారి తర్వాతే వారి వంతు!

అలాంటి మన నేల మీద, ఎండలో వానలో కూలి చేసుకుని బతికిన ఒక వృద్ధురాలి పేరు కేవలం వంట వల్ల దేశదేశాలకూ తెలిసింది. ఆమె పేరు కర్రె మస్తానమ్మ. 2018 డిసెంబరు మొదటి వారంలో ఆమె కన్నుమూసినప్పుడు విదేశీ పత్రికలు సైతం ఆమె జీవితాన్ని రాశాయి. ఒక తెలుగు అవ్వ గురించి, అందులోనూ రోలు, రోకలి, కట్టెల పొయ్యి తప్ప మరేమీ లేని అవ్వ గురించి, అంతటివారు అన్ని మాటలు రాయడం అరుదు.

మస్తానమ్మది కృష్ణా జిల్లా కోపల్లె. పదకొండేళ్లకే పెళ్లయి గుంటూరు జిల్లా తెనాలి దగ్గరి గుడివాడ అనే చిన్న గ్రామానికి వచ్చింది. (పాఠకులు కృష్ణా జిల్లాలోని గుడివాడ పట్టణంతో పొరబడతారు, ఇది వేరు.) ఇరవై రెండేళ్లకు భర్త పోయాడు. అయిదుగురు బిడ్డల్లో చివరకు మిగిలింది ఒక్కడే. మిగతా ఆయుష్షంతా పొలాల్లో కూలి చేసి సంసారం ఈదింది. తనకు నూటయేళ్లు దాటాయని ఆమె చెప్పుకొనేది. చనిపోయేనాటికి నూటఏడేళ్లని పత్రికలు రాశాయి. పుట్టిన తేదీకి రుజువేది అని కొందరు అడిగారు. ఆ తరంలో పుట్టిన తేదీ రాసిపెట్టుకున్న కూలి కుటుంబం ఏదో అడిగినవారే చెప్పాలి!

2016లో ఆమె ముని మనవడు లక్ష్మణ్, అతని స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి కలిసి అవ్వ వంటను వీడియో తీసి యూట్యూబులో పెట్టారు. ఆ ఛానల్ పేరు ‘కంట్రీ ఫుడ్స్’. తొలినాళ్లలో పెట్టిన వంకాయ కూర వీడియోతోనే జనం చూపు అటు తిరిగింది. పుచ్చకాయలో గుజ్జంతా తీసేసి, ఆ డొప్పలో కోడిమాంసం పెట్టి నిప్పుల మీద ఉడికించిన వంటను కోటిమందికి పైగా చూశారు. ఆమె చనిపోయేనాటికి ఆ ఛానల్‌కు చందాదారులు 12 లక్షలకు పైమాటే. ఖండాంతరాల నుండి ఎవరెవరో ఆమెను ‘గ్రానీ’ అని పిలిచారు. కడుపున పుట్టిన బిడ్డల్లో నలుగురిని పోగొట్టుకున్న తల్లికి చివరి రెండేళ్లలో లక్షల మంది మనవలు దొరికారు.

అంతగా ఏముంది ఆ వంటలో? మేము ఆ వీడియోలను చాలాసార్లు చూశాము. మా ముంచింగిపుట్టు కొండల్లో సిగ్నలు అందే చోటు వెతుక్కుని చూడాలి, అది వేరే సంగతి. ఆమె అల్లం పొట్టును గోటితో గీకేది. ఉల్లిపాయను చేత్తోనే ఒలిచేది. మసాలా రాతి మీద నూరేది. పొలం గట్టున, చెట్టు నీడన మూడు రాళ్లు పెట్టి ఎండు కట్టెలతో మంట వేసేది. కొలత గ్లాసులు లేవు, గడియారం లేదు. వాసన చూసి ఉప్పు తెలుసుకునే ముక్కు, ఆవిరి చూసి ఉడుకు తెలుసుకునే కన్ను ఉన్నాయి. వండిన తర్వాత ఆ వంటను చుట్టూ ఉన్న ఇంటివాళ్లు, ఊరివాళ్లు తినేవారు. పారేసింది దాదాపు ఏమీ లేదు. మిగిలిన తొక్కలు మేకకో కోడికో పోతాయి, బూడిద పాత్రలు తోమడానికి పనికొస్తుంది. ఈ రోజుల్లో పెద్ద పెద్ద హోటళ్ల చెఫ్‌లు ‘పర్యావరణానికి హాని చేయని వంట’ అని ఉపన్యాసాలు ఇస్తున్నారు. మస్తానమ్మ ఆ మాట ఎప్పుడూ వాడి ఉండదు. ఆమెకు అది సిద్ధాంతం కాదు, పేదరికంలో నుండి పుట్టిన మర్యాద.

పేద విధవరాలి వంటింటిని బైబిలు ఎంత గౌరవంగా చూస్తుందో గమనించారా? సారెపతు విధవరాలి కథ (1 రాజులు 17) మనకు కొత్త కాదు. తొట్టిలో పిడికెడు పిండి, బుడ్డిలో కాస్త నూనె, ఏరుకున్న రెండు పుల్లలు. అంతే ఆమె ఆస్తి. దేశంలో రాజభవనాలు లేవా, ధాన్యపు కొట్లు లేవా? ఏలీయాను దేవుడు పంపింది మాత్రం ఆ పుల్లలు ఏరుకునే చేతి దగ్గరికే. ఆ కథలో మనం ఎప్పుడూ తరగని పిండి గురించే ప్రసంగిస్తాము. ఆ పిండిని రోజూ కలిపి, రోజూ కాల్చి, పరదేశి ప్రవక్తకూ కన్నకొడుకుకూ తనకూ పంచిన ఆ తల్లి శ్రమ గురించి మాట్లాడం. అద్భుతం తొట్టిలో జరిగింది. రొట్టె మాత్రం ఆమె చెయ్యే కాల్చింది.

ఇక మా కొండల సంగతి. ముంచింగిపుట్టు మండలం ఒడిశా సరిహద్దున ఉంది. 2022 ఏప్రిల్ వరకు విశాఖపట్నం జిల్లాలో ఉండేది, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా. ఒక పక్క మాచ్‌ఖండ్ నది, జోలాపుట్ జలాశయం. ఆ పక్కన కోరాపుట్ జిల్లా. ఇక్కడ బగత, కొండదొర, పోర్జ, గదబ, కోందు, వాల్మీకి, కోటియ తెగలవారు ఉన్నారు. ఇంట్లో తెలుగుకన్నా ఆదివాసీ ఒడియా మాట్లాడేవారు చాలామంది. మైదానంలో రాగులనేవి మాకు చోళ్లు. చోడి పిండితో కాచే అంబలిని ఇక్కడ చాలా ఇళ్లలో ‘మండియా పేజ్’ అంటారు. ఎండిన ఆనపబుర్రలో ఆ పేజ్ పోసుకుని పొద్దున్నే పొలానికి వెళ్తే మధ్యాహ్నం దాకా అదే అన్నం, అదే నీళ్లు. ఆ బుర్రలో ఎంత ఎండైనా పేజ్ చల్లగా ఉంటుంది. కరెంటు అక్కర్లేని ఫ్రిజ్ అది.

మస్తానమ్మ పుచ్చకాయ డొప్పను పాత్రగా చేసుకుంటే మా వాళ్లు వెదురు బొంగును పాత్రగా చేసుకున్నారు. అరకు వచ్చే పర్యాటకులందరికీ బొంగు చికెన్ తెలుసు. తెలియనిది అందులోని తెలివి. బొంగు పచ్చిదై ఉండాలి. ఎండు బొంగు మండిపోతుంది. పచ్చి బొంగులోని తేమే లోపలి మాంసాన్ని ఉడికిస్తుంది. నూనె అక్కర్లేదు, నీళ్లు అక్కర్లేదు. మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి ఆకు బిగించి, నిప్పుల మీద తిప్పుతూ కాల్చాలి. బొంగు పైన నల్లబడి, లోపల ఆవిరి చప్పుడు మారినప్పుడు దించాలి. తిన్న తర్వాత తోమాల్సిన గిన్నె లేదు. ఆ బొంగు మళ్లీ పొయ్యిలోకే. వడ్డించేది అడ్డాకు మీద. అదీ మట్టిలోకే. అయితే రోడ్డు పక్కన వరుసగా అంగళ్లు వెలిసి రోజుకు వందల బొంగులు కాలుతుంటే కొండ మీద వెదురు ఏమవుతుందన్నది అడగాల్సిన ప్రశ్న. ఇంటికి వండుకునే పద్ధతిని వ్యాపారం చేసుకుంటే అడవి ఊపిరి తీసుకునే వ్యవధి ఉండదు. శత్రువు పట్టణాన్ని ముట్టడించినప్పుడు కూడా ఫలమిచ్చే చెట్టు మీద గొడ్డలి ఎత్తవద్దని ధర్మశాస్త్రం చెప్పింది (ద్వితీయోపదేశకాండము 20:19). యుద్ధంలోనే చెట్టుకు అంత మినహాయింపు ఉంటే విహారయాత్రలో ఎంత ఉండాలి?

అడవి తిండిని ‘తెలియనివాళ్లు తినేది’ అనుకునేవారు ఎలీషా కుండ కథ చదవాలి (2 రాజులు 4:38–41). గిల్గాలులో కరువు. ప్రవక్తల శిష్యులకు కూర వండాలి. ఒకడు పొలంలోకి వెళ్లి అడవి తీగ కాయలు ఒడినిండా కోసుకొచ్చి తరిగి కుండలో వేశాడు. అవేమిటో వాళ్లకు తెలియదు. నోట పెట్టగానే కుండలో మరణమున్నదని కేకలు వేశారు. వాళ్లు చదువుకునే శిష్యులే, లేఖనాలు తెలిసినవారే. ఆకు, కాయ మాత్రం తెలియదు! మా దగ్గర పదేళ్ల పిల్ల కూడా ఏ పుట్టగొడుగు కోయాలో, ఏది వదిలేయాలో చెబుతుంది. అడవిలో కొన్ని చేదు దుంపలు ఉన్నాయి. పచ్చిగా తింటే ప్రాణం మీదికి వస్తుంది. వాటిని పలుచగా చెక్కులు కోసి, బుట్టలో వేసి, పారే గెడ్డలో నానబెట్టి, విషం కారిపోయాకనే వండుతారు. ఎన్ని తరాల పరీక్ష, ఎందరి కడుపునొప్పి ఆ ఒక్క పద్ధతి వెనుక ఉందో! దీన్ని ఏ పుస్తకం నేర్పలేదు. అత్త కోడలికి నేర్పింది.

ఆ గొలుసు తెగితే ఏమవుతుందో కూడా చూశాము. 2001 ఆగస్టులో మాకు పొరుగునే ఉన్న ఒడిశా రాయగడ జిల్లా కాశీపూర్‌లో మామిడి టెంక జీడి అంబలి తాగి పలువురు చనిపోయారు. అప్పుడు దేశమంతా ‘ఆదివాసులు టెంకలు తింటున్నారా’ అని ముక్కున వేలేసుకుంది. టెంక జీడిని ఎండబెట్టి, నానబెట్టి, వగరు పోగొట్టి తినడం ఇక్కడ పాత పద్ధతే. వానలో తడిసి బూజు పట్టినవాటిని కూడా ఆకలికి తాళలేక తిన్నప్పుడు అది చావు కుండ అయింది. తప్పు టెంకది కాదు. ఇంట్లో మరో గింజ లేకపోవడానిది. ఎలీషా ఆ కుండలో పిండి వేయించాడు గాని, అడవికి వెళ్లినవాడిని తిట్టినట్టు ఎక్కడా లేదు.

ఒకప్పుడు మా కొండ ఇళ్లలో గింజలకు కొదవ ఉండేది కాదు. చోళ్లు, సామలు, కొర్రలు, జొన్నలు, కందులు, వలిసెలు అన్నీ ఒకే చేను మీద కలిపి చల్లేవారు. వాన తక్కువైతే సామ నిలబడుతుంది, ఎక్కువైతే మరొకటి నిలబడుతుంది. ఏదో ఒకటి ఇంటికి వస్తుంది. పోడు వ్యవసాయాన్ని తిట్టేవారు చాలామంది. వారిలో ఎక్కువమందికి దాని అసలు లెక్క తెలియదు. కొండ వాలు మీద రెండు మూడేళ్లు పండించి, ఆపైన ఏళ్ల తరబడి వదిలేస్తే అడవి మళ్లీ మొలిచేది. ఏడవ ఏట భూమికి విశ్రాంతి ఇవ్వమని లేవీయకాండము 25వ అధ్యాయం ఇశ్రాయేలుకు చెప్పింది కూడా ఇలాంటి మాటే. ఆ విశ్రాంతి ఇప్పుడు కుదించుకుపోయింది. జనం పెరిగారు, భూమి పెరగలేదు. మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం 1955లో పని మొదలుపెట్టింది. ఆ ప్రాజెక్టు కోసం కట్టిన జోలాపుట్ జలాశయం కింద మంచి పల్లపు పొలాలు మునిగాయి. పల్లం పోయినవాడు కొండెక్కక ఏం చేస్తాడు? ఆ నీళ్లతో పుట్టిన కరెంటు మైదానాల్లో ఎన్ని మిక్సీలు తిప్పిందో మాకు తెలియదు గాని, ఈ కొండల్లో రోలు చప్పుడు మాత్రం చాలాకాలం ఆగలేదు.

తర్వాత బియ్యం వచ్చింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు అది పేదవాడి ఆకలి తీర్చిన మేలే. ఆ మేలును మేము తక్కువ చేయము. అయితే తెల్లన్నం మర్యాదైన తిండి, చోడి అంబలి లేనివాడి తిండి అన్న ఆలోచన కూడా ఆ బస్తాతోపాటే కొండెక్కింది. బంధువు వస్తే చోడి సంకటి పెట్టడానికి సిగ్గు. పిల్లాడికి స్కూలుకు క్యారేజీలో సామన్నం కట్టడానికి సిగ్గు. సంతలో అయిదు రూపాయల నూడుల్స్ పొట్లం కొనడానికి మాత్రం సిగ్గు లేదు. వంద గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. పాలిష్ పట్టిన బియ్యంలో సుమారు 10 మిల్లీగ్రాములు. బాలింతకు, ఎదిగే పిల్లకు ఏది కావాలో చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు. 2023 మార్చిలో రాష్ట్రంలోని బడి పిల్లలకు మధ్యాహ్న భోజన పథకంలో రాగి జావ మొదలుపెట్టినప్పుడు మా కొండ తల్లులు కొందరు నవ్వుకున్నారు. మన కుండలోది తిరిగి మనకే వచ్చిందని.

తమాషా ఏమిటంటే, మేము సిగ్గుపడి వదిలేసిన గింజను పట్నం ఎత్తుకుంది. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. విశాఖలో కొర్రల ప్యాకెట్టు ధర సన్నబియ్యం కన్నా ఎక్కువ. అమెరికాలో అయితే యెహెజ్కేలు 4:9 పేరు పెట్టి రొట్టెలే అమ్ముతున్నారు. ఆ వచనంలో ప్రవక్త గోధుమలు, యవలు, కాయధాన్యాలతో పాటు చిరుధాన్యాలను కూడా ఒకే పాత్రలో కలిపి రొట్టె చేసుకోవాలి. హెబ్రీలో అక్కడున్న ‘దోహన్’ అనే మాట పాత నిబంధన మొత్తంలో మరెక్కడా రాదు. చిరుధాన్యం అని పండితులు చెబుతారు. మన తెలుగు అనువాదకులు ఆ జాబితాలో చోళ్లు, సజ్జలు అనే మన గింజల పేర్లే వాడారు. చదివినప్పుడల్లా మాకు ఆ వచనం యెరూషలేములో కాక పెదబయలు సంతలో జరుగుతున్నట్టు ఉంటుంది! కానీ ఒక మాట మరువకూడదు. అది ఆరోగ్యపు రొట్టె కాదు, ముట్టడి రొట్టె. పట్టణం చుట్టూ శత్రువు, లోపల కరువు. రోజుకు ఇరవై తులాలు తూచి తినాలి. దొరికిన గింజలన్నీ దులిపి కలిపితేనే ఆ రొట్టె. కరువు కూడు సూపర్ మార్కెట్టులో పట్టుగుడ్డ కట్టుకుని కూర్చోవడం చూసి యెహెజ్కేలు ఏమనుకునేవాడో!

గింజ పోతే వంట పోతుంది. వంట పోతే గింజ కూడా పోతుంది. ఈ రెండో మాట చాలామందికి తట్టదు. ఎవరూ వండని ధాన్యాన్ని ఎవరూ విత్తరు. మాకు పొరుగున కోరాపుట్ జిల్లాలో పాత్రాపుట్ అనే ఊళ్లో కమలా పూజారి అనే తల్లి ఉండేది. పరజా తెగ. మా మండలంలోని పోర్జలకు చుట్టం అనుకోవచ్చు. ఊరూరూ తిరిగి, ఇల్లిల్లూ అడిగి, నూరుకు పైగా దేశవాళీ వరి రకాల విత్తనాలు సేకరించి కాపాడింది. ఆమెకు జయపురంలోని ఎం.ఎస్.స్వామినాథన్ ఫౌండేషన్ అండగా నిలిచింది. 2019లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 జూలైలో చనిపోయింది. కోరాపుట్ సేద్యపు పద్ధతిని ప్రపంచ వ్యవసాయ వారసత్వాల్లో ఒకటిగా 2012లో ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ గుర్తించిందంటే అలాంటి తల్లుల కొంగుముడులే కారణం. మస్తానమ్మ వండి చూపింది, కమలమ్మ విత్తనం దాచి పెట్టింది. ఒకరినొకరు చూసుకోలేదు. పని మాత్రం ఒకటే.

ఇక్కడ మా సంఘాలలో నలిగే ఒక ప్రశ్న చెప్పాలి. మైదానపు పాఠకులకు ఇది కొత్తగా ఉండవచ్చు. మన్యంలో కొత్త పంట వచ్చినప్పుడు ‘కొత్త’ జరుపుతారు. కొర్ర కొత్త, సామ కొత్త, చిక్కుడు కొత్త, మామిడి కొత్త. ఆ పండుగ అయ్యేవరకు ఆ పంటను నోట పెట్టరు. ఆ పూజల్లో ఊరి దేవతలకు నైవేద్యం ఉంటుంది కనుక క్రీస్తును అంగీకరించిన కుటుంబాలు అందులో పాల్గొనరు. అది వారి మనస్సాక్షి, దానిని మేము గౌరవిస్తాము. అయితే దాని వెంట మరొకటి జరుగుతోంది. కొర్ర కొత్త మానేసిన ఇంట్లో ఒకటి రెండేళ్లకు కొర్ర విత్తడం కూడా మానేస్తున్నారు. పండుగ కోసమే కదా ఆ నాలుగు సాళ్లు వేసేది, పండుగ లేకపోతే అవెందుకు? అలా నమ్మకం మారిన ఇంట్లో విత్తనపు బుట్ట ఖాళీ అవుతోంది. యేసును నమ్మినందుకు కొర్ర ఏం పాపం చేసింది?

లేవీయకాండము 23:14 చదవండి. ప్రథమ ఫలాల పన అర్పించే దినం వరకు కొత్త రొట్టె గాని, పేలాలు గాని, పచ్చి వెన్నులు గాని తినకూడదని అక్కడ ఉంది. అర్పించాక తినాలి. మొదటి పన యాజకుని చేతికి, తర్వాత ఇంటిల్లిపాదికి. ఈ మాటను మేము గదబ పెద్దలకు చదివి వినిపిస్తే వారు తల ఊపుతారు, ఇందులో వివరించాల్సింది ఏముందన్నట్టు. కొత్త పంటను చేతిలోకి తీసుకోగానే ఆకాశం వంక చూడటం వారికి ఏ మిషనరీ నేర్పక ముందే తెలుసు. చూడాల్సింది ఎవరి వంక అన్నదే సువార్త. అందుచేత కోత పండుగ ఆరాధనకు డిపోలో కొన్న బియ్యం సంచి కాక, సొంత చేనిలోని కొర్ర వెన్ను, సామ గింజ, చిక్కుడు కాయ తీసుకురావాలని కొన్ని సంఘాల్లో కాపరులు అడుగుతున్నారు. విగ్రహానికి అర్పించినదేమోనన్న సంకోచం కొందరికి ఉంటుంది. భూమియు దాని సంపూర్ణతయు ఎవరివో పౌలు కొరింథీయులకు తేల్చి చెప్పాడు (1 కొరింథీ 10:25–26). గింజకు మతం లేదు. దానిని ఎవరికి కృతజ్ఞతగా ఎత్తి పట్టుకున్నామన్నదే ప్రశ్న.

ఒక చిక్కు మాత్రం ఉంది. బలిపీఠం దగ్గరికి కొర్రలు వస్తున్నాయి. ఆ మధ్యాహ్నం ప్రేమ విందులో మాత్రం బిర్యానీ, థర్మాకోల్ పళ్లెం, ప్లాస్టిక్ గ్లాసు! చుట్టూ కొండ నిండా అడ్డాకు తీగలు అల్లుకుని ఉంటే, సంతలో ఆ ఆకులు కుట్టి అమ్ముకునే తల్లులు మన సంఘంలోనే కూర్చుని ఉంటే, మనం పట్నం నుండి పళ్లేలు తెప్పిస్తున్నాము. అయిదువేలమందికి పెట్టిన తర్వాత ప్రభువు శిష్యులతో ఏమన్నాడు? ఏదీ వ్యర్థం కాకుండా మిగిలిన ముక్కలు పోగుచేయమన్నాడు (యోహాను 6:12). రొట్టెలు సృష్టించగలిగినవాడు ముక్కలు ఏరించాడు. మేము ప్రేమ విందు ముగిశాక గుడి వెనుక పేరుకున్న చెత్త చూసినప్పుడల్లా ఆ పన్నెండు గంపలు గుర్తుకు వస్తాయి.

వండి పెట్టడం అన్న పరిచర్యకు మన రాష్ట్రాల్లోనే మరొక పెద్దాయన ఉన్నాడు. తెలంగాణకు చెందిన నారాయణ రెడ్డి. 2017లో ‘గ్రాండ్‌పా కిచెన్’ పేరుతో ఆయన వంటల వీడియోలు మొదలయ్యాయి. తెల్లని గడ్డం, తెల్లని పంచె, ఆరుబయట పెద్ద కళాయి. ఒక్కో వంట వందమందికి చాలేంత. వండినదంతా అనాథ పిల్లలకు పంచేవాడు. 2019 అక్టోబరు 27న, 73వ ఏట, ఆయన చనిపోయేనాటికి అరవై లక్షల మందికి పైగా ఆ ఛానల్‌ను చూస్తున్నారు. మస్తానమ్మ వంట చూస్తే ఇల్లు గుర్తుకు వస్తుంది, ఆయన వంట చూస్తే పంక్తి గుర్తుకు వస్తుంది. పిజ్జా, బర్గర్ కూడా వండాడు కదా, అది సుస్థిర ఆహారమా అని మా యువకుడొకడు వాదించాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆకలితో ఉన్న పిల్లవాడు తన జీవితంలో ఎప్పుడూ చూడని వంటకాన్ని కడుపునిండా తిని నవ్వే ముఖం చూశాక మాకు ఆ వాదన మీద ఆసక్తి పోయింది.

పునరుత్థానం తర్వాత ప్రభువు చేసిన పనుల్లో ఒకటి వంట అని మనకు ఎంతమందికి గుర్తుంది? తిబెరియ సముద్రపు ఒడ్డున, తెల్లవారుతుండగా, రాత్రంతా వల వేసి అలసిన శిష్యులు ఒడ్డుకు వచ్చేసరికి బొగ్గుల నిప్పు, దాని మీద చేప, పక్కన రొట్టె సిద్ధంగా ఉన్నాయి (యోహాను 21:9). నిప్పు రాజేసినది ఎవరు? మేకులు దిగిన ఆ చేతులే. గ్రీకులో అక్కడున్న బొగ్గుల మంట అనే మాట కొత్త నిబంధనలో రెండే చోట్ల ఉంది. ఒకటి ఇక్కడ, మరొకటి ప్రధానయాజకుని ముంగిట, పేతురు చలి కాచుకుంటూ ప్రభువును ఎరగనన్న చోట. ఒక మంట దగ్గర పడిపోయినవాడిని మరో మంట దగ్గర కూర్చోబెట్టి, మొదట తిండి పెట్టి, ఆ తర్వాతే ప్రశ్న అడిగాడు. పైగా వాళ్లు అప్పుడే పట్టిన చేపల్లో కొన్ని తెమ్మన్నాడు కూడా. తన పొయ్యిలో వారి శ్రమకూ చోటిచ్చాడు. జోలాపుట్ నీళ్లలో వల వేసి తెల్లవారి ఒడ్డుకు చేరే మా జాలరులకు ఈ భాగం చదివితే వ్యాఖ్యానం అవసరం ఉండదు.

వంటలో కుటుంబం ఎలా అల్లుకుంటుందో మస్తానమ్మ దగ్గర కనబడుతుంది. కెమెరా పట్టింది ముని మనవడు. నడుమ మూడు తరాల దూరం. ఆ కుర్రవాడు అవ్వను ‘నీకేం తెలుసు’ అనలేదు, ‘ఎలా చేస్తావో చూపించు’ అన్నాడు. ఆ ఒక్క మాటతో నూరేళ్ల చేతివాటం మట్టిలో కలిసిపోకుండా మిగిలింది. మా కొండల్లో అలాంటి అవ్వలు ఇంకా ఉన్నారు. వెదురు కొమ్ములను చేదు పోయేలా ఎలా ఉడకబెట్టాలో, వలిసె గింజలు వేయించి పొడి ఎలా కొట్టాలో, పనస గింజ ఎన్నాళ్లు నిలవ ఉంటుందో వారి వేళ్లకు తెలుసు. వారి మనవలు ఆశ్రమ పాఠశాల హాస్టళ్లలో ఉంటారు. పండుగకు, వేసవికి ఇంటికి వస్తారు. వచ్చినప్పుడు చేతిలో ఫోను ఉంటుంది. సండే స్కూలు పిల్లలకు ఈ వేసవిలో మా సంఘం ఒక పని అప్పగించింది. ఒక్కొక్కరూ తమ అవ్వ దగ్గర ఒక్క వంట పొయ్యి రాజేయడం నుండి వడ్డించడం దాకా నేర్చుకుని రావాలి. కంఠత వాక్యంతో పాటు అదీ ఒప్పజెప్పాలి. విత్తనం దొరికితే చిటికెడు తేవాలి.

చోడి అంబలి ఎలా కాస్తారని పట్నపు సహోదరీలు అడుగుతుంటారు. ముందురోజు సాయంత్రం గుప్పెడు చోడి పిండిని గ్లాసు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి మూత పెట్టి ఉంచండి. రాత్రంతా పులవాలి. మట్టి కుండ అయితే మరీ మంచిది. పొద్దున్నే అర గుప్పెడు నూకలు ఎక్కువ నీళ్లలో మెత్తగా ఉడికించి, పులిసిన పిండిని సన్నగా పోస్తూ కలపాలి. చేయి ఆపితే అడుగంటుతుంది. చెయ్యి తడి చేసుకుని ముట్టుకుంటే అంటుకోని దశకు వస్తే ఉడికినట్టు. దించి చల్లార్చి, సరిపడా నీళ్లో మజ్జిగో పోసి, ఉప్పు వేయండి. ఒక ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ పక్కన పెట్టుకోండి. మా దగ్గర కాల్చిన ఎండుచేప కూడా పెట్టుకుంటారు.